సుందరం దొర తల కొలత

తెర మీద ఇంగ్లీషు నటుడు నవ్వు ఆపుకుంటున్నాడు. ఆయన నెత్తిన నల్లటి ఉంగరాల విగ్గు నుదుటికి మూడు వేళ్ల పైనే ఆగిపోయి, మూత సరిగ్గా పట్టని డబ్బాలాగా లేచి నిలబడింది. పక్కనున్న విగ్గుల మేడం దాన్ని రెండు చేతులా కిందికి లాగింది. చేతులు తీయగానే అది మెల్లగా మళ్లీ పైకి పాకింది.

మేడం కెమెరా వైపు తిరిగి గబగబా ఏదో మాట్లాడింది. నాగలక్ష్మికి మాటలు అర్థం కాలేదు. కోపం మాత్రం అర్థమైంది.

"ఎస్ మేడం. ష్యూర్ మేడం," అంటూ హేమంత్‌కుమార్ ల్యాప్‌టాప్ ముందు తలూపుతున్నాడు. ఆయన ఆ విగ్గుల యూనిట్‌కు మేనేజరు. వారంలో నాలుగు రోజులు బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసులో కూర్చుని, ఇలాంటి రోజుల్లో మాత్రం ఊరి అవతల జిగణిలో ఉన్న యూనిట్‌కు పరిగెత్తుకొస్తాడు.

"చెవుల ఎనక నుంచి లాగమనండి సార్," అంది నాగలక్ష్మి ఆయన భుజం మీదుగా వంగి.

"లాగి లాగి చేతులు నొప్పి పుడుతుండాయంటుండాది ఆమె. నువ్వు రవ్వంత సేపు ఊరికెనే ఉండక్కా."

ఊరికే ఉండటం నాగలక్ష్మికి చేతకాని పని. ముప్పైమంది ఆడవాళ్లు పనిచేసే ఆ హాలుకు ఆరేళ్లుగా ఆమే పెద్ద. తెర మీద ఉన్న ఆ నల్ల విగ్గుకు నలుగురు కూర్చుని పద్దెనిమిది రోజులు చాకిరీ చేశారు. జుట్టు ఏరడం, దువ్వడం, జాలీ అనే సన్నటి వల బిగించడం, ముడులు వెయ్యడం, కడ్డీలకు చుట్టి ఆవిరి పట్టి ఉంగరాలు తిప్పడం, ఇన్ని పనులు దాటి పోయింది అది. ఇక్కడ చెక్క తల మీద పెట్టి చూసినప్పుడు అచ్చం మొలిచినట్టే ఉంది. అక్కడికి పోగానే ఏం రోగమొచ్చింది దానికి?

ఇంగ్లండులో ఎవరో టీవీ సీరియల్ తీస్తున్నారు. మూడొందల ముప్పై ఏళ్ల కిందటి రాజులదీ, వాళ్ల చుట్టూ తిరిగిన దొరలదీ కథ. అప్పట్లో పెద్ద మగాళ్లంతా సొంత జుట్టు గొరిగించుకుని, రొమ్ముల దాకా దిగే ఉంగరాల విగ్గులు పెట్టుకునేవాళ్లంట. పదకొండు విగ్గులకు ఆర్డరొచ్చింది, ఒక్కో విగ్గుకు ఒక రాజుదో దొరదో పేరు. ఆ పేర్లకు ఎవరి నోరూ తిరగలేదు. సండర్లాండ్‌ను సుందరం దొర చేసి, గొడాల్ఫిన్‌ను గోపాల దొర చేసింది ఫర్హానా. ఇప్పుడు తెర మీద లేచి నిలబడింది ఆ సుందరం దొర విగ్గే. దానికి ముందరి వరసలు ముడివేసింది కూడా ఫర్హానాయే.

కాల్ అయ్యాక హేమంత్‌కుమార్ రెండు నిమిషాలు కణతలు నొక్కుకున్నాడు. తర్వాత బ్యాగులోంచి ఒక కాగితం తీశాడు.

"సాయంత్రంలోపల రిపోర్టు పంపాల. తప్పు ఎక్కడ జరిగిందో రాసి పంపమని ఆర్డరేసింది. ముందర వరస ఎవరు చేసిండేది?"

"ఫర్హానా. అయితే ఆ పిల్ల చెయ్యి..."

"గట్టిగా లాగేసిండాది. అందుకే జాలీ కుంచించుకోని పైకి లేచింది. అంతే గదా?"

అంతేనా? నాగలక్ష్మి హాల్లోకి పోయి ఫర్హానా బల్ల ముందు నిలబడింది. ఆ పిల్ల ఇంకో దొర విగ్గు మీద వంగి, కొక్కెం సూదితో జాలీ కంతలోంచి ఒక వెంట్రుకను లాగి, చుట్టి, బిగిస్తోంది. ఒక కంతకు ఒక వెంట్రుక. తల ఎత్తకుండానే, "ఏమక్కా, సుందరం దొర ఎట్లుండాడు?" అంది నవ్వుతూ.

"ఎట్లుంటాడు, నీ పుణ్యాన నెత్తిన కుండ బోర్లించుకున్నట్లుండాడు! ముందర వరస లాగి సంపినావా ఏమి? ఎన్నిసార్లు జెప్పినా నీకు, వదులుగా వెయ్ వదులుగా వెయ్ అని?"

ఫర్హానా చేతిలో సూది ఆగింది. "నేను లాగలేదక్కా. ఎప్పుడూ ఎట్ల వేస్తానో అట్లే వేసినా."

"మరి దానికదే ల్యాచిందా?"

చుట్టుపక్కల బల్లల దగ్గర సూదులన్నీ ఆగాయి. ఫర్హానా తల వంచి మళ్లీ సూది ఎత్తింది. నాగలక్ష్మి అదే విసురులో వెనక్కి వచ్చింది. ఇంకా ఐదు విగ్గులు మిగిలి ఉన్నాయి. ఆవిరి డబ్బా పొద్దుటినుంచి పనిచెయ్యడం లేదు. ఇద్దరు సెలవు. ఈలోగా నింపి ఉంచిన కాగితం బల్ల మీద ఉంది, పెన్ను పక్కన ఉంది. అంతా ఇంగ్లీషు. కింద గీత మీద ఆమె పేరు రాయాల్సిన చోట హేమంత్‌కుమార్ వేలు పెట్టి చూపించాడు. సంతకం చేసింది.

"ఆ పిల్లని కొన్ని దినాలు షెడ్డులో కూర్చోబెట్టు," అన్నాడాయన కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తూ. "యాక్షన్ తీసుకొన్నామని రాసిండాను."

*

షెడ్డు అంటే మిద్దె వెనక రేకుల కింద జుట్టు దువ్వే చోటు. గుళ్లలో గొరిగిన జుట్టు మూటలు అక్కడే దిగుతాయి. మేకులు పైకి లేచిన పలకను బల్లకు బిగించి, పిడికెడు జుట్టు పట్టుకుని దాని మీద కొట్టి లాగాలి. చిక్కు మేకుల్లో ఉండిపోతుంది, పొడుగు వెంట్రుక చేతిలోకి వస్తుంది. రోజంతా దుమ్ము, పేల గుడ్లు, పాత కొబ్బరినూనె కంపు. అక్కడ పదిహేనేళ్లుగా మునివెంకటమ్మ ఒక్కతే కుదురుగా ఉంది. మిగతావాళ్లు నెల తిరక్కుండా దగ్గు పట్టి పోతారు.

మంగళవారం పొద్దున ఫర్హానా దుపట్టాను ముక్కుకు చుట్టుకుని ఆ రేకుల కిందికి పోయింది. నాగలక్ష్మి వైపు చూడలేదు.

సుందరం దొర విగ్గును మళ్లీ మొదలుపెట్టే పని నాగలక్ష్మి తనే ఎత్తుకుంది. అర నుంచి సుందరం దొర చెక్క తలను దించి, దాని మీద కొత్త జాలీ పరిచి, గుండుసూదులు గుచ్చి, అంచులు కుట్టింది. చెక్క తలలన్నీ ఒకే అచ్చు. ఏ నటుడికి చేస్తుంటే ఆ నటుడి కొలతలు ఇంగ్లండు నుంచి వస్తాయి. ఆ కొలతకు తగినట్టు చెక్క తలకు దూది, టేపు చుట్టి లావు చేస్తారు, పైన చీటీ అంటిస్తారు. అది నాగలక్ష్మి పని. ఆమె తప్ప ఇంకెవరూ వాటిని ముట్టరు.

మధ్యాహ్నానికి జాలీ తయారైంది. పాత విగ్గు కొలతకు కత్తిరించి దాచిన దారాన్ని దీనికి చుట్టి చూసింది. నూలుపోగంత తేడా లేదు. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. చెక్క తలకు అది పట్టింది, ఇది పట్టింది. ఆ మనిషి తలకే పట్టలేదంటే ఏమనుకోవాలి? రోజుకొక సైజు పెరిగే తలతో పుట్టాడా ఆయన?

హేమంత్‌కుమార్‌కు ఫోన్ చేసింది. "సార్, ఆ సుందరం దొరకు తల కొలతలు సరిగ్గా పంపినారా వాళ్లు?"

"సండర్లాండా? షీట్ కరెక్టుగా ఉండాదక్కా. నేను రెండుసార్లు చెక్ చేసిండాను. నువ్వు ముందర వరస లూజుగా వేయించు, చాలు."

"ముందర వరస కాదు సార్ ఇది..."

"మీటింగులో ఉండాను," అని పెట్టేశాడు.

హాలు మూగగా ఉంది. ఫర్హానా ఉంటే పని చేస్తూ చేస్తూ ఫోన్‌లో చదివిన సంగతులు చెప్పేది. నిన్నటి దాకా జేమ్సు రాజు కథ నడిచింది. ఇంక పిల్లలు పుట్టరనుకున్న రెండో రాణికి పెళ్లయిన పదిహేనేళ్లకు కొడుకు పుడితే, ఆ బిడ్డ రాణికి పుట్టలేదనీ, పక్క వెచ్చబెట్టే పెనంలో దాచి ఎవరి బిడ్డనో తెచ్చి పెట్టారనీ పుకారు లేచిందంట. ఆ పుకారును రాజు సొంత కూతురే నమ్మిందంట. అక్కడ ఆపింది ఫర్హానా. తర్వాత ఏమైందో తెలియక ముప్పైమందీ నాగలక్ష్మి మీద లోలోపల గుర్రుగా ఉన్నారు.

మూడింటికి షెడ్డులోంచి గట్టిగా నవ్వులు వినిపించాయి. నాగలక్ష్మి కిటికీ దగ్గరికి పోయింది. మునివెంకటమ్మ చేతిలో జుట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయి వింటోంది.

"అల్లుడే దండు ఏసుకోని పడవల్లో వచ్చినాడవ్వా, మామను దింపేదానికి," అంటోంది ఫర్హానా. "ఆరెంజి విలియం అని. కూతురి మొగుడు. మళ్లా ఆ రాజుకు సొంత అక్క కొడుకే."

"అంటే మేనరికమేనా?" అంది మునివెంకటమ్మ. "మన మాదిరే ఉండాది కదే! మేనల్లుడికి పిల్లనిచ్చి కూడా సుఖం లేకపాయె చూడు. సరే, నీ సుందరం దొర ఎవురి తట్టు ఉండాడు?"

"ఎవురు గద్దె మింద ఉంటే వాళ్ల తట్టు. జేమ్సు రాజు కోసరం మతం గూడా మార్చుకున్న్యాడు. అల్లుడు వస్తాండాడని తెలిసినాక ఆడమనిషి బట్టలు కట్టుకోని పడవెక్కి పారిపొయినాడు. రెండేండ్లకు తిరిగొచ్చి, ఆ అల్లుడికే బుద్ధులు జెప్పే పెద్దమనిషయినాడు."

"అబ్బ! ఆ గోపాల దొరో?"

"ఆయప్ప ఇంకా మేలు. నలుగురు రాజులు మారినా ఆయప్ప ఖజానా కాడే కూర్చోనుండాడు. యాడికీ పారిపోలా."

మునివెంకటమ్మ జుట్టును మేకుల మీద టపామని కొట్టి లాగింది. "ఇట్లాటోళ్ల నెత్తికా నువ్వు ఒక్కొక్క ఎంటిక ఏరి ఏరి పెట్నావు!"

నాగలక్ష్మికి నవ్వొచ్చింది. వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. పని మానుకుని కబుర్లేమిటని అరవడానికి నోరు తెరిచింది గానీ, ఆ పిల్ల చేతులు మేకుల పలక మీద కదులుతూనే ఉన్నాయి. మధ్యవేలికి రక్తం ఇంకిన గుడ్డపేలిక. ఆ వేలే సూదికి ఆనిక. కిటికీ మూసి వెనక్కి వచ్చేసింది.

*

బుధవారం మూడున్నరకు గోపాల దొర విగ్గు వేసుకుని చూసే వంతు. ఇది గోధుమరంగు జుట్టు. మొదటి విడతలో పోయిన ఆరింటిలో ఇదొకటి. ఆ నటుడు ఊళ్లో లేక ఆలస్యమైంది. హేమంత్‌కుమార్ మళ్లీ వచ్చాడు. నాగలక్ష్మి మళ్లీ ఆయన వెనక నిలబడింది.

తెర మీద పొట్టి మనిషి, చిన్న ముఖం. మేడం విగ్గును రెండు చేతులా ఎత్తి ఆయన తల మీద దింపింది. అది దిగింది. నుదురు దాటి దిగింది, కనుబొమ్మలు దాటి దిగింది. ఆయన ముక్కు మాత్రం ఉంగరాల్లోంచి బయటికి కనిపిస్తోంది. అక్కడెవరో పకపకా నవ్వారు. మేడం కళ్లు మూసుకుంది.

"ఓ మై గాడ్," అన్నాడు హేమంత్‌కుమార్ కన్నడం, తెలుగు రెండూ మరిచిపోయి.

నాగలక్ష్మి తెరకు ఇంకాస్త దగ్గరగా వంగింది. పెద్ద తలకు విగ్గు చాల్లేదు. చిన్న తలకు విగ్గు మిగిలింది. ముడి బిగుసుకుంటే విగ్గు చిన్నదవుతుందేమో గానీ, ఏ ముడి వల్లా విగ్గు పెద్దదవదు.

"సార్, ఆ రెండు షీట్లు ఒకసారి ఇట్లియ్యండి."

"ఇప్పుడెందుకక్కా అవి..."

"ఇయ్యండి సార్!"

ఆమె గొంతుకు ఆయన ఉలిక్కిపడి ఫైలు తీసి ఇచ్చాడు. తప్పు ఆయనదే అయి ఉంటుందని ఆమెకు నమ్మకం. రెండు షీట్లకు పేర్లు తారుమారుగా అంటించి ఉంటాడు. నిన్నటినుంచి ఆయన మీద పేరుకున్నదంతా నాలుక చివర సిద్ధంగా ఉంది. మీటింగులో ఉండాడంట! ఆ కాగితాలు పట్టుకుని అర దగ్గరికి పోయింది. ఇంగ్లీషు చదవలేదు గానీ అక్షరాలు గుర్తుపడుతుంది, అంకెలకు భాషేముంది? ఎస్ అక్షరంతో మొదలైన షీట్‌లో చుట్టుకొలత ఇరవై నాలుగు అంగుళాలు. జీ అక్షరం షీట్‌లో ఇరవై ఒకటిన్నర. మేడం పంపిన ఫొటోలు కూడా పక్కనే పిన్ను చేసి ఉన్నాయి. పెద్ద తలాయన ఎస్. చిన్న ముఖం ఆయన జీ. ఆయన ఏమీ తారుమారు చెయ్యలేదు.

టేపు తీసి 'సు' అని చీటీ ఉన్న చెక్క తలకు చుట్టింది. ఇరవై ఒకటిన్నర. 'గో' అని ఉన్నదానికి చుట్టింది. ఇరవై నాలుగు.

చీటీలు తెలుగులో ఉన్నాయి. నీలం స్కెచ్ పెన్ను. 'సు' కొమ్మును బారుగా లాగి వదిలే అలవాటు ఆమెదే. రెండు తలలకూ ఒకే పూట దూది చుట్టి, బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఆఖర్న చీటీలు అంటించింది. ఆరోజు కరెంటు పోయింది, ఎవరో పిలిచారు, లేచి పోయి వచ్చింది. అంతవరకే గుర్తుంది. ఇంకోసారి టేపు చుట్టింది. అంకె మారలేదు. మూడోసారి చుట్టబోయి, ఎందుకో తనమీద తనకే అసహ్యమేసి, టేపును అర మీదికి విసిరేసింది.

ఆ సాయంత్రం చందాపురలో ఇంటికి చేరాక భర్త తిరుపాలు సెంట్రింగు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, నిలబెట్టి అంతా చెప్పింది. అతను సాంతం విని, "పిల్లర్ కొలత తప్పు ఇచ్చేది మేస్త్రి, కూలగొట్టించేది మా చేతనే," అన్నాడు తువ్వాలు దులుపుకుంటూ. "ఇప్పుడేం జేస్తావు?"

"చెప్తా."

"చెప్పు మరి," అని లోపలికి పోయాడు. ఇంకేదైనా అంటాడేమో, వద్దంటాడేమో అని ఆమె గడప దగ్గర కొంతసేపు నిలబడింది. అతను టీవీ పెట్టుకున్నాడు.

*

గురువారం పొద్దున హాల్లోకి పోకుండా నేరుగా షెడ్డుకు పోయింది. మునివెంకటమ్మ ఇంకా రాలేదు. ఫర్హానా ఒక్కతే మూట విప్పుతోంది.

"ఫర్హానా, ఆ తప్పు నీది కాదు," అంది నాగలక్ష్మి. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఈ ఒక్క మాటతో అయిపోయాయి. "చీటీలు నేనే మార్చి అంటించినా. సుందరం దొరది గోపాల దొరకు, గోపాల దొరది..."

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"నువ్వు మార్చినావని. మంగళారం పొద్దున్నే జూసినా. నా డబ్బా తీసుకునేదానికి వస్తి కదా, అప్పుడు అరమింద రెండు తలలూ పక్కపక్కన ఉండె. చిన్నదాని మింద సు అని ఉంది, ఇగ్గు పైకి ల్యాచిందంటే ఆయప్ప తల పెద్దదనే కదా. కన్నడ సు, తెలుగు సు ఒకటే గదా. నాకు చదవనీకి వస్తాది."

నాగలక్ష్మికి కోపం తన్నుకొచ్చింది. "మరి చెప్పేకేమే నీకు? రెండు దినాలు మళ్లా అదే చిన్న తలమింద నేను కుడతాంటే జూస్తా ఊరుకుంటివా?"

"నువ్వు నన్నడిగినావా?" ఫర్హానా చేతిలో జుట్టు కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "అందరి ముందర అరిసినావు. నేను లాగలేదంటే ఇనలేదు. కాయితం మింద సంతకం పెట్టి వస్తివి. ఇంగ నేను చీటీల తప్పు నీదే అంటే నమ్ముతావా? తప్పించుకోనీకి చెప్తాండాదంటావు. నువ్వే చూస్తావని ఊరుకున్న్యా. చూస్తావా చూడవా అని."

"ఎల్లుండి కాంట్రాక్టరు వచ్చి పనిలో ఎవురుండాలో లిస్టు రాస్తాడు. నీ పేరు తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తాడు. ఈడ ఉండి దగ్గేదానికన్నా మేలే."

మునివెంకటమ్మ అప్పుడే వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, చీపురు తీసుకుని అవతలికి పోయింది.

నాగలక్ష్మి మేనేజరుకు ఫోన్ చేసి, తప్పు తనదనీ, ఆ రిపోర్టు మార్చాలనీ చెప్పింది.

"అక్కా, నీకు ఇంకా చెప్పలేదు, ప్రాబ్లం సాల్వ్ అయిపోయిండాది," అన్నాడు హేమంత్‌కుమార్ హుషారుగా. "రాత్రే మెయిల్ వచ్చింది. పెద్దది ఈయనకు, చిన్నది ఆయనకు మార్చేస్తారంట. సండర్లాండుకు గోధుమరంగు, గొడాల్ఫిన్‌కు నల్లది. డైరెక్టరుకు అదే ఇంకా బాగుండాదంట. నువ్వు మళ్లా చేసేది నిలిపెయ్."

అంటే రెండు రోజుల కుట్టుపని దండగ. ఆమె కళ్లు మూసుకుంది. "సరే సార్. ఆ కాయితం?"

"ఏం కాయితం?"

"ఫర్హానా తప్పని రాసిన కాయితం."

"అది పోయిండాది గదా అక్కా, క్లోజ్ అయింది. ఆపరేటర్ తప్పు అంటే ఒకరితో పోతుంది. నీ తప్పు అంటే ప్రాసెస్ తప్పు. పదకొండు తలలూ మళ్లా కొలిచి చూపించమంటారు. ఎందుకు మనకు? ఎవరూ అడగట్లేదు గదా?"

"నేను అడుగుతుండా."

"రేపు కాల్ ఉండాది. అది అయిపోనీ, చూద్దాం," అన్నాడాయన. ఆయన చూద్దాం అంటే ఏమిటో హాల్లో అందరికీ తెలుసు. పాడైన ఆవిరి డబ్బా గురించి కూడా నాలుగు రోజులుగా చూద్దామనే అంటున్నాడు.

*

శుక్రవారం తెర మీద దొరలిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. గోధుమరంగు ఉంగరాలు సుందరం దొరకు పుట్టుకతో వచ్చినట్టు అమిరాయి. నల్లది గోపాల దొర చిన్న ముఖానికి గంభీరం తెచ్చింది. మేడం ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. మిగిలిన ఐదు విగ్గులు ఎంతవరకు వచ్చాయో చూపించమంది. వాటిని ఎత్తి కెమెరా ముందు పట్టుకునే పని నాగలక్ష్మిది.

నాలుగోది చూపించాక ఆమె దాన్ని దించలేదు. విగ్గు పక్కనుంచి ముఖం ముందుకు పెట్టింది.

"మేడం," అంది. పొద్దుటినుంచి మనసులో తిప్పుకున్న నాలుగు ముక్కలు బయటికి తోసింది. "మేడం, మిస్టేక్... మై మిస్టేక్. హెడ్ చేంజ్, ఐ చేంజ్. నాట్ ఫర్హానా. ఫర్హానా గుడ్ గర్ల్."

హేమంత్‌కుమార్ చెయ్యి మౌస్ మీద బిగుసుకుపోయింది.

మేడం తెరకు దగ్గరగా వంగింది. కళ్లద్దాలు సర్దుకుని, ఎంతో మర్యాదగా, "సారీ, హూ ఈజ్ ఫర్హానా?" అంది.

ఆ మాట నాగలక్ష్మికి అర్థమైంది. అంతకంటే ఎక్కువే అర్థమైంది. హేమంత్‌కుమార్ గబగబా ఏదో చెప్పాడు. ఆపరేటర్ ఫోర్టీన్ అన్న మాట వినిపించింది, అది ఫర్హానా బల్ల నంబరు. మేడం ఓ అని, నో నో అని, నవ్వి, అందంగా చేశారని మెచ్చుకుని, ఐదో విగ్గు చూపించమంది. నాగలక్ష్మి ఐదో విగ్గు ఎత్తి చూపించింది.

కాల్ అయ్యాక ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఏమక్కా ఇది? కస్టమర్ ముందర! వాళ్లకు పేరు కూడా తెలియదు. వాళ్లెవరికీ పట్టలేదు. నీకెందుకు ఇంత?"

"వాళ్లకు తెలియదని నాకూ ఇప్పుడే తెలిసింది సార్. తెలియనోళ్ల కోసరం ఆ పిల్లను షెడ్డులో కూర్చోబెట్టినామా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. సందులో లారీ ఒకటి వెనక్కి వస్తూ కూతపెడుతోంది.

"నేను ఈడనే ఉంటా," అంది నాగలక్ష్మి. "కాయితం రాస్తే సంతకం పెట్టి పోతా. రాయకపోతే రేపు కాంట్రాక్టరు వచ్చినప్పుడు చీటీలు, తలలు తెచ్చి ఆయన ముందర పెడతా. టేపు గూడా తెస్తా."

"తప్పు ఒప్పుకునేదానికి ఇంత గలాటా చేసే మనిషిని నిన్నే చూసిండాను," అన్నాడు హేమంత్‌కుమార్ విసుగ్గా. కూర్చుని టైపు చేశాడు, ప్రింటు తీశాడు. ఆమె ముందుకు తోశాడు. నాగలక్ష్మి పెన్ను ముట్టలేదు.

"చదవండి సార్. తెలుగులో చెప్పండి."

ఆయన చదివాడు. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. ఫర్హానా పేరు లేదు. ఆపరేటర్ పద్నాలుగు లేదు. కొలతల చీటీలు తారుమారు చేసింది లైన్ లీడర్ నాగలక్ష్మి అని ఉంది. ఇంకోసారి చదివించుకుని సంతకం చేసింది.

"రాసినాక యాక్షన్ కూడా రాయాల," అన్నాడాయన కాగితం తీసుకుంటూ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "సోమవారం నుంచి చెక్క తలలు, కొలతలు, హాలు నువ్వు చూడొద్దు. బల్ల దగ్గర కూర్చో. ఎవరు చూడాలో మాత్రం నువ్వే చెప్పు. నాకు ఇంకెవరి చెయ్యీ తెలియదు."

ఇలా అవుతుందని ఆమె అనుకోలేదు. తిడతాడనుకుంది, మహా అయితే రెండు రోజులు ఇంట్లో కూర్చోమంటాడనుకుంది. ఆరేళ్ల పెద్దరికం ఒక్క మాటలో పోయింది. అయినా పేరు చెప్పడానికి ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

*

సోమవారం పొద్దున ఫర్హానా వచ్చీ రాగానే టేపు అడిగి తీసుకుంది. అర మీది పదకొండు తలలనూ కిందికి దించి, షీట్లు పక్కన పరుచుకుని, ఒక్కొక్కటీ కొలిచింది. పాత చీటీలన్నీ పీకేసి కొత్తవి అంటించింది. ఒక్క అక్షరం కాదు, పూర్తి పేర్లు, కింద అంకె. అంతవరకు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత బల్లల మధ్య నడుస్తూ, పారిపోయిన రాజు కథ అందుకుంది. ముప్పైమంది చెవులూ అటు తిరిగాయి.

నాగలక్ష్మి మూడో వరసలో, గోడ పక్క స్టూలు మీద కూర్చుంది. ఆమెకు ఇచ్చింది అల్లుడు రాజు విలియం విగ్గు. నుదుటి వరస. సూది ఇంకా చేతికి తెలుసు. కళ్లకే ఆ జాలీ కంతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మెడ పట్టేసింది. పక్క పిల్ల రెండు అంగుళాలు పూర్తి చేసేసరికి తనది ఒక అంగుళం కాలేదు. షెడ్డులో మేకుల మీద జుట్టు కొట్టే చప్పుడు ఆగకుండా వస్తోంది. అక్కడికి ఈవేళ ఎవరిని పంపారో కనుక్కోవడం కూడా తన పని కాదు. ఎవరో నీళ్లబాటిలు అడిగితే అలవాటుగా లేవబోయి, మళ్లీ కూర్చుంది.

పన్నెండు గంటలకు ఫర్హానా ఆమె స్టూలు పక్కన ఆగింది. కథ ఆపింది. భూతద్దం పెట్టి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"అక్కా, ఈ నాలుగు వరసలు ఇప్పెయ్."

నాగలక్ష్మి గిరుక్కున తలెత్తింది. "ఏమైంది వాటికి?"

"రెండేసి పడినాయి కంతకు. ముందర కదా, ఒక్కొక్కటే పడాల."

ఈ ముడి నీకు చెయ్యి పట్టుకుని నేర్పించిందెవరే అన్న మాట నాగలక్ష్మి నోటిదాకా వచ్చింది. చుట్టూ సూదులు ఆగాయి. ఆమె భూతద్దం లాక్కుని తనే చూసుకుంది. రెండేసి పడ్డాయి. ఒకటో రెండో కాదు, వరసంతా అలాగే ఉంది.

"పొద్దున్నే చెప్పేకేమి నీకు? నాలుగు వరసలయ్యేదాకా ఆగాలనా?" అంది కసురుతూ.

"పొద్దున తలలు కొలుస్తాంటి కదక్కా," అంది ఫర్హానా. బల్ల మీది లైటు మెడ వంచి, వెలుతురు జాలీ మీద పడేట్టు తిప్పిపెట్టి, పక్క బల్లకు పోయింది.

నాగలక్ష్మి సణుక్కుంటూనే సూది తిరగేసి, మొదటి ముడి కిందికి మొన పోనిచ్చింది. అది రాలేదు. ఇంకోవైపు నుంచి పోనిచ్చింది. గట్టిగానే వేసింది మరి. లైటును ఇంకాస్త దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, మళ్లీ మొదలుపెట్టింది.